రాళ్లబాటకు తగిన బండి

తారు రోడ్డు మీద ఎంత నిబ్బరంగా పోతుందో, ఆ రోడ్డు అయిపోయాక మొదలయ్యే మట్టిబాట మీద, రాళ్ల మీద కూడా అంతే నిబ్బరంగా పోయేలా తయారుచేసిన మోటారు సైకిలును ట్రెయిల్ బైకు అంటారు. ముందు చక్రం పెద్దగా ఉంటుంది. ఇంజను పొట్టకూ నేలకూ మధ్య ఖాళీ ఎక్కువ. షాకబ్సార్బర్లు పొడుగ్గా ఉండడంతో గుంత వస్తే చక్రం బాగా కిందికి దిగుతుంది, రాయి వస్తే బాగా పైకి లేస్తుంది. నిలబడి నడపడానికి వీలుగా హ్యాండిల్ వెడల్పుగా, ఎత్తుగా పెడతారు. పందేల కోసం చేసే మోటోక్రాస్ బండి వేరు. దానికి లైట్లుండవు, వెనక సీటుండదు, రిజిస్ట్రేషన్ కాదు. ఊరి వీధిలో కూడా దాన్ని నడపకూడదు. ఇంకోపక్క, దూర ప్రయాణాల కోసం చేసే పెద్ద అడ్వెంచర్ బండ్లు హైవే మీద హాయిగా పోతాయి గానీ రాళ్లలోకి దిగాక బరువైపోతాయి. ట్రెయిల్ బైకు ఈ రెంటికీ నడుమ ఉంటుంది. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకొని తిరగాలనుకునే మనిషికి అక్కరకొచ్చేది ఈ నడిమి రకమే.

ముందుగా ఇంజను సంగతి. టూ స్ట్రోక్ ఇంజనులో పిస్టన్ పైకొకసారి, కిందికొకసారి కదిలితే పని పూర్తవుతుంది. అందుకే ఆ బండి తేలిక, విసురూ ఎక్కువ. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైన ఆర్‌ఎక్స్ 100ను సీమ పల్లెల్లో ఇప్పటికీ కన్నబిడ్డ మాదిరి చూసుకునేవాళ్లున్నారంటే ఆ విసురే కారణం. కానీ అందులో నూనె పెట్రోలుతో కలిసి మండిపోతుంది. ఆ పొగంతా వెనక బండి మీద వచ్చేవాళ్ల ముఖాన కొడుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో పిస్టన్ 4 సార్లు కదులుతుంది: గాలినీ పెట్రోలునూ పీల్చుకుంటుంది, వాటిని నొక్కుతుంది, మంటతో తోపు అందుకుంటుంది, పొగను బయటికి నెడుతుంది. నూనె అడుగున విడిగా ఉండి లోపలి భాగాలను తడుపుతూ ఉంటుంది. ఈ ఇంజను తక్కువ వేగంలోనే లాగుతుంది. వెనక మనిషిని కూర్చోబెట్టుకొని నడక వేగంతో మిట్ట ఎక్కేటప్పుడు కావలసింది ఆ లాగుడే. టూ స్ట్రోక్ బండి అలాంటి చోట ముందు మూలుగుతుంది, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. ఆ దూకుడుకు వెనకున్న మనిషి జారిపోవచ్చు.

దిగేటప్పుడు తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఫోర్ స్ట్రోక్ బండిని మొదటి గేరులో పెట్టి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది. బ్రేకు మీద భారం తగ్గుతుంది, గరుసు మీద చక్రం పట్టేసి జారే ప్రమాదమూ తగ్గుతుంది. టూ స్ట్రోక్‌లో ఆ పట్టు చాలా తక్కువ.

చిన్న ఫోర్ స్ట్రోక్ బండిని బాట మీదికి దించాలన్న ఆలోచన కొండబాటల్లో తిరిగేవాళ్ల అవసరం నుంచే పుట్టింది. హోండా కంపెనీ 1958లో తెచ్చిన సూపర్ కబ్ అనే చిన్న బండికి అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ఒక డీలరు వెనక పెద్ద పళ్లచక్రం బిగించి కొండబాటల్లో నడిచేలా చేశాడు. దాన్ని చూసి హోండా 1961లో ట్రెయిల్ అనే పేరుతోనే ఒక బండిని తయారుచేసింది. 1972లో వచ్చిన హోండా ఎక్స్ఎల్ 250, పెద్దవాళ్లు నడిపే ఫోర్ స్ట్రోక్ ట్రెయిల్ బైకుకు దారి వేసింది. రాయలసీమలో ఆ సూపర్ కబ్ చేసిన పనిని టీవీఎస్ ఎక్స్ఎల్ చేసింది. గడ్డిమోపు, ఎరువు మూట, పాలక్యాను, ఏది కట్టినా పొలం గట్టు మీద పోయే ఆ బండి చాన్నాళ్లు టూ స్ట్రోకే. ఎక్స్ఎల్ 100 వచ్చాకే ఫోర్ స్ట్రోక్‌గా మారింది. అసలైన ట్రెయిల్ బైకు మాత్రం ఇక్కడి షోరూముల్లోకి ఆలస్యంగా వచ్చింది. 2011లో హీరో కంపెనీ 150 సీసీ ఇంపల్స్‌ను తెచ్చింది, కొన్నాళ్లకు ఆపేసింది. 2019లో అదే కంపెనీ ఎక్స్‌పల్స్ 200ను తెచ్చాకే మామూలు సంసారి కొనగలిగిన ట్రెయిల్ బైకు మళ్లీ అందుబాటులోకి వచ్చింది.

ఏ బండి కొనాలో తేలాలంటే మొదట నేలను చూడాలి. ఈ జిల్లాల్లో నేల ఒక తీరుగా ఉండదు. ముప్పై కిలోమీటర్లకొకసారి మారుతుంది.

నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల నల్లరేగడి. ఎండాకాలంలో అది నెరియలు బారి, ట్రాక్టరు చక్రాల చాళ్లు ఇటుకల్లా గట్టిపడి ఉంటాయి. బండి చక్రం ఒకసారి ఆ చాళ్లోకి దిగిందంటే బయటికి రానివ్వదు. ఒక వాన పడితే కథ మారిపోతుంది. బంక మట్టి టైరుకు చుట్టుకుంటుంది. ముందు మడ్‌గార్డు టైరుకు దగ్గరగా ఉన్న బండి అయితే, ఆ సందులో మట్టి కూరుకుపోయి యాభై గజాలు పోకముందే చక్రం తిరగడం మానేస్తుంది. అప్పుడు దిగి కంపపుల్లతో గీకి గీకి మట్టి తీయాలి. మళ్లీ యాభై గజాలకు అదే పని. ట్రెయిల్ బైకుకు ముందు మడ్‌గార్డు జానెడు ఎత్తున ఉండేది అందం కోసమని చాలామంది అనుకుంటారు. రేగడిలో ఒక్కసారి ఇరుక్కున్నవాళ్లకు దాని విలువ తెలుస్తుంది. అయినా నిజం చెప్పాలంటే, తడిసిన రేగడిలోకి కుటుంబంతో ఏ బండి మీదా దిగకూడదు. రెండు రోజుల ఎండ తగిలేదాకా ఆగాలి.

బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాయి నేల. గనుల నుంచి తీసి పారేసిన రాతిచెక్కలు బాట పక్కన గుట్టలుగా ఉంటాయి, లారీలు తిరిగేకొద్దీ బాట మీదికీ వస్తాయి. వాటి అంచులు కత్తిపీట మాదిరి ఉంటాయి. టైరు పక్క గోడను కోసేస్తాయి. పలుచని టైరు ఇక్కడ పనికిరాదు. కడప నుంచి రాయచోటి వైపు, పాలకొండల అంచున ఎర్ర గరుసు. గట్టినేల మీద చిన్న చిన్న గుండ్రటి రాళ్లు పరిచినట్టుంటాయి. కొర్రలు చల్లిన బండ మీద కాలు పెడితే ఎట్లుంటుందో అక్కడ బండి ఆపి కాలు దించితే అట్లుంటుంది. పెన్న, పాపాఘ్ని, చెయ్యేరు ఒడ్డున ఇసుక. సిద్ధవటం దగ్గర ఏటిలోకి దిగిన బండి ముందు చక్రం ఇసుకలో దూరి ఇష్టం వచ్చిన వైపు తిరుగుతుంది. బరువైన బండి అయితే ఇద్దరు నెట్టినా కదలదు.

వీటన్నిటి మీదా ముళ్లు. కంప చెట్లు, తుమ్మలు లేని చోటు లేదు. గట్ల వెంట పల్లేరు కాయలు సరేసరి.

ఇలాంటి నేలకు 21 అంగుళాల ముందు చక్రం సరైనది. 17 అంగుళాల చక్రం రాయికి నిటారుగా గుద్దుకుంటుంది. పెద్ద చక్రం అదే రాయి మీదికి వాలుగా ఎక్కుతుంది. 17 అంగుళాల చక్రం పడిపోయే గుంత మీదుగా పెద్దది దాటిపోతుంది. నేలకూ ఇంజనుకూ మధ్య ఖాళీ కనీసం 20 సెంటీమీటర్లు ఉండాలి. రోజువారీ స్ప్లెండర్‌కు అది 16 సెంటీమీటర్ల పైచిలుకు, ఎక్స్‌పల్స్‌కు 22. ఈ అయిదారు సెంటీమీటర్ల తేడాలోనే ఎద్దుల బండి బాట నడిమి మిట్టకు ఇంజను తగలడం, తగలకపోవడం తేలిపోతుంది. ఇంజను కింద ఇనుప పళ్లెం ఉండి తీరాలి. నాపరాయి ఒక్క దెబ్బకు నూనె బోల్టు ఊడితే, ఆ బండి ట్రాక్టరు మీద తప్ప ఇల్లు చేరదు.

ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో నంద్యాల, కర్నూలు, కడపల్లో 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి. గాలితో చల్లబడే ఇంజనుకు గాలి తగలాలంటే బండి కదలాలి. మొదటి గేరులో, ఇద్దరిని మోస్తూ, నడక వేగంతో మిట్ట ఎక్కేటప్పుడు గాలి తగలదు. నూనెను చల్లబరిచే చిన్న రేడియేటర్ ఉన్న ఇంజను కొంత నయం. నీటితో చల్లబడే ఇంజను ఇంకా నయం, అయితే దాని రేడియేటర్‌కు ముందు జాలీ బిగించాలి. ముందు బండి చక్రం విసిరిన రాయి పలుచని రేకును చీల్చగలదు. ఏ ఇంజనైనా, సెగ కాలి పిక్కలకు తెలిసేంత పెరిగితే, చింతచెట్టో వేపచెట్టో చూసి పావుగంట ఆగడం మంచిది. వెనక కూర్చున్నవాళ్లకూ ఆ నీడ అవసరమే.

ఇక కుటుంబం. బండి ఎంపికలో ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. నడిపే మనిషి తన ఎత్తు, తన బలం, తన ముచ్చట చూసుకుంటాడు. వెనక కూర్చునే మనిషి షోరూముకే రాదు.

చట్టం ప్రకారం మోటారు సైకిలు మీద నడిపేవారు కాక ఇంకొక్కరే ఉండాలి. భార్యాభర్తలూ ఒక బిడ్డా అంటే ముగ్గురు. ఒక బండికి ముగ్గురు కుదరరు. పిల్లవాణ్ని ట్యాంకు మీద కూర్చోబెట్టుకోవడం ఊళ్లల్లో అలవాటే గానీ, రాళ్లబాట మీద అది ప్రాణం మీదికి తెచ్చే పని. ముందు చక్రం రాయికి తగిలి ఆగిన క్షణంలో బిడ్డ ఛాతీ హ్యాండిల్‌కు కొట్టుకుంటుంది, ఆ వెనకే నడిపేవారి బరువంతా మీద పడుతుంది. కాబట్టి ముగ్గురున్న ఇంటికి రెండు వాహనాలు కావాలి, లేదా ఆ రోజు ప్రయాణం ఇద్దరిదే అనుకోవాలి. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. నాలుగేళ్లలోపు బిడ్డకు హెల్మెట్‌తో పాటు నడిపేవారికి కలిపి కట్టే బెల్టు ఉండాలనీ, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదనీ 2022లో నిబంధన తెచ్చారు. అంత చిన్నబిడ్డను తారు రోడ్డు దింపి రాళ్లలోకి తీసుకుపోకపోవడమే మేలు. బిడ్డ పాదాలు వెనక ఫుట్‌రెస్టుల మీద గట్టిగా ఆనేంత పెరిగాక రాళ్లబాట చూపించవచ్చు.

వెనక కూర్చునే స్త్రీల విషయం విడిగా చెప్పుకోవాలి. చీర కట్టుకొని ఒకవైపు కూర్చోవడం ఊరి రోడ్డు మీద చెల్లుతుందేమో గానీ, రాళ్లబాట మీద చెల్లదు. బరువంతా ఒక పక్క ఉంటే బండి ఆ పక్కకే ఒరుగుతుంది. కూర్చున్న మనిషికి పట్టుకోవడానికి ఒక్క చెయ్యే మిగులుతుంది. చూడీదారో ప్యాంటో వేసుకొని, చుట్టూ కుట్టిన బూట్లు తొడుక్కొని, అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చోవాలి. చక్రంలో చీర పడకుండా పెట్టే కవచాన్ని మన దేశంలో చట్టమే తప్పనిసరి చేసింది. ట్రెయిల్ బైకు కొన్న కుర్రవాళ్లు అందంగా లేదని మొదట ఊడదీసేది దాన్నే. చున్నీ చివర ఆకుల్లో చుట్టుకుంటే జరిగేదేమిటో తెలిసినవాళ్లు ఆ పని చేయరు. ఇంట్లో ఆడవాళ్లను ఎక్కించుకునే బండికి ఆ కవచం ఉండాలి, వెనక పట్టుకునే కమ్మీ ఉండాలి, ఫుట్‌రెస్టులు రబ్బరుతో వెడల్పుగా ఉండాలి.

సీటు ఎత్తు, బండి బరువు: ఈ రెండూ కుదిరితే మిగతావి సర్దుకుపోవచ్చు. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి కాలి లోపలి పొడవు సుమారు 75 సెంటీమీటర్లు ఉంటుంది. ట్రెయిల్ బైకు సీటు ఎత్తు చాలా వరకు 80 నుంచి 88 సెంటీమీటర్లు. అంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనడం కష్టం. మనిషి కూర్చున్నాక షాకబ్సార్బర్ కొంత దిగుతుంది కాబట్టి, 82 సెంటీమీటర్ల సీటు మీద రెండు ముంగాళ్లయినా ఆనుతాయి. 88 మీద ఒక కాలి వేళ్లే ఆనుతాయి. సమనేల మీద అది పెద్ద సమస్య కాదు. ఆ కాలు ఆనవలసిన చోట గుంత ఉందనుకోవాలి: కాలు గాలిలోకి దిగుతుంది, బండి ఒరుగుతుంది, వెనక మనిషి బరువు దానికి తోడవుతుంది, ఇంక ఏ బలమూ దాన్ని ఆపలేదు. అందుకే వెనక మనిషిని ఎక్కించుకునేవారు తమ ఎత్తు కంటే కాస్త తక్కువ ఎత్తుకు సరిపోయే సీటునే ఎంచుకోవాలి.

బరువు సంగతీ అంతే. 158 కిలోల బండి, 70 కిలోల మనిషి, వెనక 60 కిలోల మనిషి, నీళ్లూ సద్దిమూటా కలిపి 10 కిలోలు: అంతా దాదాపు 300 కిలోలు. 196 కిలోల బండి అయితే ఈ లెక్క 336కు చేరుతుంది. బాట మీద బండి పడకుండా ఉండదు. పడిన బండిని లేపే పద్ధతి ఒకటుంది. బండి వైపు వీపు పెట్టి, సీటు అంచుకు నడుము ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్ చివరను, ఇంకో చేత్తో వెనక కమ్మీని పట్టుకొని, నడుం వంచకుండా కాళ్లతో నెడుతూ వెనక్కి చిన్న అడుగులు వేయాలి. స్టాండు అవతలి వైపు ఉంటే ముందే దించి ఉంచాలి. ఈ పద్ధతిలో 160 కిలోల బండిని మామూలు మనిషి లేపగలుగుతాడు. 200 కిలోలకు దగ్గరైన బండిని గరుసు మీద, ఎండలో, రెండోసారి, మూడోసారి లేపడం చాలామంది వల్ల కాదు.

ఇంకొక ప్రశ్న ఎవరూ అడగరు గానీ అన్నిటికంటే ముఖ్యమైనది. నడిపే మనిషికి మడమ బెణికితే బండిని ఊరిదాకా తెచ్చేదెవరు? వంకలో, ఫోను సిగ్నలు అందని చోట, ఆ పని వెనక కూర్చున్న మనిషే చేయాలి. అంటే ఆమెకూ లైసెన్సు ఉండాలి, ఆమె కాళ్లకూ ఆ బండి అందాలి. భార్యాభర్తలిద్దరూ నడపగలిగిన బండే కుటుంబపు ట్రెయిల్ బైకు. ఈ ఒక్క పరీక్షతో షోరూములోని సగం బండ్లు పక్కకు తప్పుకుంటాయి.

మిగిలినవాటిలో కుటుంబానికి మొదట చూడవలసింది ఎక్స్‌పల్స్ 200 4వి. ఇంజను 199.6 సీసీ, సుమారు 19 హార్స్‌పవర్, నూనెతో చల్లబడుతుంది. సీటు ఎత్తు 82 సెంటీమీటర్ల పైచిలుకు, ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18. ట్యాంకులో 13 లీటర్లు పడుతుంది. లీటరుకు 35 కిలోమీటర్లు వచ్చినా 400 దాటుతుంది. కర్నూలు నుంచి బెలూం గుహలు, అక్కణ్నుంచి గండికోట చూసుకొని తిరిగొచ్చినా బంకు కోసం వెతుక్కోనక్కర్లేదు. హైవే మీద 80 దాటితే ఇద్దరితో ఆయాసపడుతుంది, అది దాని లోపమే. కానీ రాళ్లలో అంతకు మించిన బలం కుటుంబానికి అవసరం లేదు. ఇదే బండిలో ర్యాలీ రకం ఒకటుంది. దాని సీటు 89 సెంటీమీటర్లు. పొడుగాటి మనిషికి, ఒంటరిగా తిరిగేవాడికి అది బాగుంటుంది. ఇంటికి మాత్రం వద్దు. 2025లో వచ్చిన ఎక్స్‌పల్స్ 210 ఇంజను నీటితో చల్లబడుతుంది, బలం 24 హార్స్‌పవర్ దాటింది, బరువు పది కిలోలు పెరిగింది. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఎక్కువ తిరగవలసిన కర్నూలు వాళ్లకు ఆ అదనపు బలం పనికొస్తుంది.

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ పాత 411 సీసీ బండి సీటు 80 సెంటీమీటర్లే. వెనక మనిషికి ఇంత హాయి ఇచ్చే సీటు వేరే బండిలో దొరకదు. తక్కువ వేగంలో దాని లాగుడు ఎద్దు లాగుడు. కానీ బరువు 199 కిలోలు. కొత్త 450 బలంలో చాలా ముందుకు పోయింది, బరువు మాత్రం 196 దగ్గరే ఆగింది. గండికోట దాకా, అహోబిలం దాకా పోయే తారు రోడ్డే ప్రయాణంలో ముప్పాతిక అయితే హిమాలయన్ సరైనది. వంకలూ ఇసుకా ఎక్కువైతే సరికాదు. కవాసాకి కేఎల్ఎక్స్ 230 దీనికి పూర్తిగా ఎదురు. 139 కిలోలే, రాళ్లలో చేతికి అందినట్టు తిరుగుతుంది. అయితే సీటు 88 సెంటీమీటర్లు, ట్యాంకు 8 లీటర్లు కూడా లేదు, వెనక సీటు పలుచన. పొడుగాటి మనిషి పొలం మీద ఒంటరిగా తిరగడానికి అది చక్కని బండి. సుజుకి వి-స్ట్రోమ్ ఎస్ఎక్స్ 250 రోడ్డు మీద నున్నగా పోతుంది. దాని 19 అంగుళాల ముందు చక్రం మట్టిబాట దాకా సరిపోతుంది, పెద్ద రాళ్లకు సరిపోదు.

కొనేముందు ఇద్దరూ కలిసి షోరూముకు పోవాలి, బండి మీద వేసుకునే బూట్లే వేసుకొని పోవాలి. బండి మీద ఇద్దరూ కూర్చున్నాక నడిపేవారు రెండు కాళ్లతో బండిని పది అడుగులు వెనక్కి నెట్టి చూడాలి. షోరూము ముందు వాలు ఉంటే ఆ వాలు మీదే నెట్టాలి. వెనక మనిషి ఎవరి సాయం లేకుండా ఎక్కి దిగాలి. వెనక మనిషి కూర్చున్నప్పుడు వెనక షాకబ్సార్బర్ దిగిపోయి బండి ముక్కు పైకి లేస్తుంది. రాత్రిపూట హెడ్‌లైటు వెలుగు రోడ్డు మీద పడక చెట్ల మీద పడుతుంది. ఆ షాకబ్సార్బర్ బిగువు పెంచుకునే వీలుందో లేదో, ఏ పానాతో పెంచాలో అక్కడే చేయించి చూసుకోవాలి. ఒంటరిగా పోయేటప్పుడు తగ్గించుకోవడం మరచిపోకూడదు.

బ్రేకుల విషయంలో ఒక మాట. బ్రేకు వేసినప్పుడు చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్, 125 సీసీ దాటిన బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. తారు మీద అది ప్రాణదాత. గరుసు మీద వెనక చక్రానికి ఏబీఎస్ పనిచేస్తే బండి అనుకున్న చోట ఆగదు. చక్రం కొంచెం పట్టేసి మట్టిని తవ్వితేనే ఆగుతుంది. కనుక వెనక చక్రానికి ఏబీఎస్ లేని బండో, దాన్ని ఆపుకునే మీట ఉన్న బండో నయం. ముందు చక్రానిది ఎప్పుడూ ఆపకూడదు.

ఇంట్లో ఇంకెవరైనా వేరే బండి మీద వెంట వచ్చేటట్టయితే బాటను నిర్ణయించవలసింది ఆ రెండో బండి. స్కూటరు చిన్న చక్రం కొర్రల గింజంత గరుసు మీదా జారుతుంది. దిగుడులో ఇంజను పట్టు తక్కువ. ట్రెయిల్ బైకు పోగలిగిన చోటికల్లా స్కూటరు రాలేదు. ముందు పోయేవారు మలుపు మలుపుకూ ఆగాలి, వెనకవారు దుమ్ము అణిగేంత ఎడం ఉంచాలి. పిల్లల ముచ్చటకు హద్దు చట్టమే గీసింది. గేర్ల బండికి 18 ఏళ్లు నిండాలి. అంతకు తక్కువ వయసువాడు రోడ్డు మీద నేరం చేస్తే 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకు గానీ బండి సొంతదారుకు గానీ 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. సొంత పొలంలో, కంచె లోపల, పెద్దవాళ్లు పక్కనుండగా చిన్న బండి మీద నేర్పడం వేరు సంగతి. పద్ధతిగా నేర్చుకోవాలనుకునేవారికి, 2015లో డకార్ ర్యాలీ పూర్తిచేసిన తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్ కోలారు దగ్గర నెలకొల్పిన మట్టిబాట శిక్షణ కేంద్రం ఉంది. కడప వాళ్లకు మదనపల్లె మీదుగా అది దగ్గరే.

ముళ్లకు మందు లేదు, తయారీ ఉంది. ఆకుల చక్రాల బండ్లలో ఎక్కువ వాటికి ట్యూబు టైర్లే. పంక్చరైతే చక్రం విప్పాలి. రెండు టైరు లివర్లు, చేతిపంపు, చక్రం నట్టుకు సరిపోయే పానా, ముందు చక్రపు ట్యూబు ఒకటి సీటు వెనక సంచిలో ఉండాలి. 21 అంగుళాల ట్యూబును అవసరానికి 18 అంగుళాల చక్రంలోనూ మడిచి ఎక్కించి ఊరు చేరవచ్చు. నడిమి స్టాండు లేని బండి కింద పెట్టడానికి ఇక్కడ నాపరాళ్లకు కొదవ లేదు. ఈ పని మొదటిసారి చేయవలసింది ఇంటి ముంగిట్లో, నీడలో, వంకలో కాదు. గాలి తక్కువుంటే పట్టు పెరుగుతుందని విని గాలి తీసేవాళ్లుంటారు. ఇద్దరి బరువుతో, రాతి అంచు మీద, ఆ ట్యూబు రిమ్ముకూ రాయికీ నడుమ నలిగి రెండు చోట్ల తెగుతుంది. బండితో వచ్చే పుస్తకంలో ఇద్దరికి చెప్పిన గాలే ఉంచుకోవాలి.

ఎక్కడ తిరగాలన్నది కూడా ఎంపికలో భాగమే. నల్లమల, లంకమల, పాలకొండల అడవుల్లో బాట కనబడినంత మాత్రాన బండి దించకూడదు. అటవీశాఖ అనుమతి లేనిదే అభయారణ్యంలోకి పోవడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఎర్రచందనం అడవుల అంచున చీకటిపడ్డాక తిరిగే కొత్త బండి మీద అనుమానం రావడమూ సహజం. లంకమల కంపపొదల్లో మరో సంగతుంది. 1900 తర్వాత కనబడక, అంతరించిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ కనబడింది ఆ పొదల మధ్య ఉన్న ఖాళీ నేలలోనే. పనికిరాని బీడులా కనబడే ఆ నేల దానికి ఇల్లు. బండి చక్రం అక్కడికి పోకూడదు. పంచాయతీ మట్టిరోడ్లు, ఎద్దుల బండి బాటలు, కాలువ గట్ల కింది దారులు, అడిగితే కాదనని రైతుల పొలాలు: తిరగాలనుకునేవారికి ఒక జీవితకాలానికి ఇవి చాలు.

పాత బండి కొనేవారు మరికొన్ని చూసుకోవాలి. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు బండి మీది నంబరుతో కలవాలి. చక్రాన్ని పైకి లేపి ఒక్కొక్క ఆకునూ పానాతో తట్టాలి. అన్నీ ఒకే తీరుగా మోగితే బిగువు సరిగా ఉన్నట్టు, ఒకటి మొద్దుగా పలికితే వదులైనట్టు. ముందు షాకబ్సార్బర్ గొట్టాల మీద నూనె తడి ఉంటే సీళ్లు పోయినట్టు. ఇంజను కింది పళ్లేనికి సొట్టలుండడం తప్పు కాదు, పళ్లెమే లేకపోతే ఆ దెబ్బలన్నీ ఇంజను తిన్నట్టు. చివరగా గాలి ఫిల్టరు. ఈ జిల్లాల దుమ్ము పిండి మాదిరి ఉంటుంది. సందు దొరికితే పిస్టన్ దాకా పోయి సాన పట్టినట్టు అరగదీస్తుంది. పొడి కాగితపు ఫిల్టరును దులపవచ్చు, నూనె పట్టించిన కాగితానిది మాత్రం మార్చేయాలి, గాలి కొట్టి శుభ్రం చేయకూడదు. ఫిల్టరు తీసి, దాని వెనక ఇంజను వైపు పోయే గొట్టంలో తెల్లగుడ్డ చుట్టిన వేలు ఒకసారి తిప్పాలి. గుడ్డ తెల్లగానే వస్తే బేరం మాట్లాడవచ్చు. ఎర్రమట్టి అంటితే ఇంజను విప్పి బాగుచేయించే ఖర్చంతా ధరలోంచి తీసేయమని అడగాలి. ఒప్పుకోకపోతే ఆ బండిని వదిలేసి రావాలి.